విలువలు పుట్టుకతోనా, పెంపకంతోనా, సావాసంతోనా?

సంక్షిప్తంగా: మనిషి నైతిక విలువలన్నీ ఒకే చోటి నుంచి రావు. ఎదుటివారి కష్టానికి కదిలే గుణం, అన్యాయం చూస్తే మండే గుణం పుట్టుకతో వచ్చే ముడిసరుకు. దానికి రూపం వచ్చేది ఇంట్లో, తోటిపిల్లల మధ్య. ఎంత పంచాలి, ఎవరిని మనవాళ్లుగా లెక్కించాలి అన్న కొలతలు సమాజం బతికే తీరు నుంచి వస్తాయి. విలువ ఉన్నంత మాత్రాన అది నడతగా మారదు; అందుకు పరిస్థితి కూడా కలిసిరావాలి.

మూడు సామెతలు, మూడు వాదాలు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అని అడుగుతారు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని కూడా అంటారు. మూడూ అనుభవం మీద పుట్టిన మాటలే, కానీ ఒకదానితో ఒకటి పొసగవు. మొదటిది జన్మకు, రెండోది పెంపకానికి, మూడోది స్నేహాలకు పెద్దపీట వేస్తుంది. ఎక్కడైనా ఒక దారుణం జరిగి, చేసింది చిన్న వయసువాళ్లని తెలిసినప్పుడల్లా చర్చ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఒకరు రక్తంలోనే ఉందంటారు, ఒకరు తల్లిదండ్రులను తప్పుపడతారు, ఇంకొకరు సావాసాలను, ఫోన్లను చూపిస్తారు.

ఈ చర్చ తేలకపోవడానికి ముఖ్య కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకటిగా కలిసిపోవడం. విలువ మనసులోకి ఎలా చేరింది అనేది ఒకటి. చేరిన విలువ ఒత్తిడిలో ఎందుకు నిలుస్తుంది, ఎందుకు జారిపోతుంది అనేది రెండోది. అసలు ఆ విలువ సరైనదేనా అనేది మూడోది. మొదటి రెండింటికి మనస్తత్వ శాస్త్రం, మానవ శాస్త్రం ఆధారాలు చూపగలవు. మూడోది మాత్రం తర్కంతో తేల్చుకోవాల్సిందే. ఒక విలువ తాతముత్తాతల నుంచి వచ్చిందని రుజువైతే అది మంచిదనీ రుజువైనట్టు కాదు, చెడ్డదనీ కాదు. ‘ఇలా ఉంది’ అనే మాటల నుంచి ‘ఇలా ఉండాలి’ అనే మాటకు రచయితలు చెప్పాపెట్టకుండా దూకేస్తున్నారని స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1739-40లోనే ఎత్తిచూపాడు. మతం విషయంలో ఇదే చిక్కు ఇంకా పాతది. దేవుడు మెచ్చాడు కాబట్టి అది మంచిదా, మంచిది కాబట్టి దేవుడు మెచ్చాడా అనే ప్రశ్నను ప్లేటో దాదాపు 2,400 ఏళ్ల కిందట సోక్రటీస్ నోట అడిగించాడు. నీతికి తమ మతమే మూలమని నమ్మేవారు కూడా ఈ ప్రశ్నకు ఏదో ఒక వైపు నిలబడక తప్పదు.

ముడిసరుకు: పుట్టుకతో వచ్చేదెంత?

2007లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పసివాళ్ల ముందు ఒక చిన్న బొమ్మలాట ఆడించారు. కళ్లు అతికించిన చెక్కముక్క ఒకటి గుట్ట ఎక్కలేక తంటాలు పడుతుంటుంది. ఒక ముక్క వచ్చి కింది నుంచి నెట్టి సాయం చేస్తుంది, మరొకటి పైనుంచి కిందికి తోసేస్తుంది. ఆట అయ్యాక ఆ రెండింటినీ పసివాళ్ల ముందు పెడితే, ఆరు నెలల వాళ్లలో 12కు 12 మంది, పది నెలల వాళ్లలో 16కు 14 మంది సాయం చేసినదాన్నే ఎంచుకున్నారు. నీతి పుట్టుకతోనే వస్తుందనే వారికి ఏళ్ల తరబడి ఇదే పెద్ద సాక్ష్యం. అయితే 37 ప్రయోగశాలలు చేతులు కలిపి, వెయ్యిమందికి పైగా పసివాళ్లను పిలిచి, ఇదే ఆటను మళ్లీ ఆడించి 2024లో ఫలితాలు ప్రకటించాయి. ఈసారి ఎంపిక దాదాపు సగం సగంగా చీలింది. పాత ఫలితాన్ని మాత్రమే చెప్పే రాతలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని చదవాలి.

ఇంకాస్త పెద్ద పిల్లల దగ్గర ఆధారం గట్టిగా ఉంది. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమాసెల్లో ఏడాదిన్నర పిల్లలను పరీక్షించారు. బట్టల క్లిప్పు కిందపడి, పెద్దాయన అందుకోలేక చేయి చాస్తుంటాడు. లేదా చేతుల నిండా పత్రికలతో అలమర తలుపు తెరవలేక నిలబడతాడు. 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా సాయానికి వచ్చారు. శభాష్ అన్నవాళ్లు లేరు, చేతిలో ఏదీ పెట్టలేదు.

కవలల పరిశోధనలు ఇంకో వైపు నుంచి వస్తాయి. ఏకరూప కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే, మామూలు కవలలకు సగటున సగం. మొదటి జంటలు ఒక గుణంలో రెండో జంటల కంటే ఎంత ఎక్కువగా పోలి ఉంటే, ఆ గుణంలో జన్యువుల పాత్ర అంత ఎక్కువని లెక్క కడతారు. యాభై ఏళ్ల కవలల పరిశోధనలను కలిపి 2015లో చేసిన లెక్కలో, 17,804 లక్షణాలకు కలిపి ఆ వాటా సగటున 49 శాతం అని తేలింది. ఈ అంకెను తప్పుగా చదవడం చాలా తేలిక. ఒక మనిషి నిజాయితీలో సగం జన్యువులది, సగం ఇంటిదని దీనర్థం కాదు. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాతో ముడిపడి ఉందో మాత్రమే అది చెబుతుంది, అదీ ఆ కాలానికి, ఆ జనాభాకు. రాజకీయ వైఖరుల మీద 2009లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. ఇంట్లో ఉన్నంత కాలం కవలలు ఒకేలా ఆలోచించడానికి కారణం ఇల్లు. ఇరవై దాటి ఇల్లు విడిచాకే జన్యువుల ప్రభావం పైకి తేలింది. పెరిగేకొద్దీ మనిషి తన స్వభావానికి సరిపడే స్నేహాలను, పరిసరాలను తానే వెతుక్కోవడం దీనికి ఒక వివరణ.

ముడిసరుకు అందరిదీ దాదాపు ఒకటేనని చెప్పే ఆధారం కూడా ఉంది. 60 సమాజాల గురించి మానవ శాస్త్రవేత్తలు రాసిపెట్టిన వివరాలను ఆక్స్‌ఫర్డ్ బృందం ఒకటి 2019లో జల్లెడ పట్టింది. బంధువులను ఆదుకోవడం, గుంపుకు అండగా నిలవడం, మేలుకు మేలు చేయడం, ధైర్యం, పెద్దలకు గౌరవం, పంపకంలో న్యాయం, ఇతరుల సొత్తు ముట్టకపోవడం అనే ఏడు పనుల గురించి 962 తీర్పులు దొరికితే, 961 వాటిని మంచివనే చెప్పాయి. సమాజాల మధ్య తేడా ఈ ఏడింటిలో దేనికి ముందు చోటు అన్న దగ్గర వస్తుంది.

నియమం వేరు, నీతి వేరు

పిల్లలు పెద్దలు చెప్పింది చెప్పినట్టు మింగేస్తారన్నది పాత నమ్మకం. దీన్ని పరీక్షించే పద్ధతిని ఇలియట్ ట్యూరియెల్, ఆయన సహచరులు రూపొందించారు. మూడు, నాలుగేళ్ల పిల్లలను రెండు ప్రశ్నలు అడుగుతారు. బొమ్మలను వాటి చోట పెట్టకపోయినా ఫర్వాలేదని టీచర్ చెబితే, పెట్టకపోవడం తప్పేనా? కొట్టినా ఫర్వాలేదని టీచర్ చెబితే, కొట్టడం తప్పేనా? మొదటిదానికి ‘తప్పు కాదు’ అనే పిల్లలే రెండోదానికి ‘అయినా తప్పే’ అంటారు. ఎందుకని అడిగితే, మొదటిదానికి నియమాన్ని చూపిస్తారు, రెండోదానికి ‘నొప్పి పుడుతుంది’ అంటారు. దెబ్బ తిన్నవాడి ఏడుపు నుంచే పిల్లలు నేరుగా నేర్చుకుంటున్నారని, నీతి అంతా పైనుంచి దిగిన ఆజ్ఞ కాదని ఇది సూచిస్తుంది.

ఉద్దేశాన్ని తూచడం మాత్రం మెల్లగా వస్తుంది. 1932లో స్విట్జర్లండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజె పిల్లలకు చెప్పిన జంట కథలు ప్రసిద్ధం. ఒక అబ్బాయి తలుపు తోస్తే, దాని వెనక ఉన్నట్టు తెలియని 15 కప్పులు పగిలాయి. ఇంకో అబ్బాయి అమ్మ లేనప్పుడు అలమరలోని జామ్ దొంగతనంగా తీయబోయి ఒక కప్పు పగలగొట్టాడు. ఎవరిది పెద్ద తప్పు? చిన్న పిల్లలు చాలామంది 15 పగలగొట్టినవాడిదే అన్నారు. ఎవరు ఏ ఉద్దేశంతో చేశారో విడమరిచి చెబితే ఇంకా చిన్నవాళ్లు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంటారని తర్వాతి పరిశోధనలు చూపాయి. పియాజె చేసిన మరో పరిశీలన అంతకంటే విలువైనది. గోళీలాటలో నియమాల మీద తగువు పడి, ఒప్పందానికి వచ్చే క్రమంలోనే పిల్లలకు న్యాయం బోధపడుతుందని ఆయన గమనించాడు. అక్కడ సమానుల మధ్య బేరం నడుస్తుంది, పెద్దరికం పనికిరాదు.

ఇంట్లో విలువ దిగే తీరు

ఇంటి పాత్ర నిజంగా తెలిసేది చిన్న చిన్న సందర్భాల్లో. నాలుగేళ్ల పాప తమ్ముడి చేతిలోని బొమ్మ లాక్కుంది, వాడు ఏడుస్తున్నాడు. ‘ఇచ్చేస్తావా, రెండు తగిలించమంటావా?’ అనడం ఒక పద్ధతి. ‘పో, నీతో మాట్లాడను’ అనడం ఇంకొకటి. ‘చూడమ్మా, నువ్వు లాక్కున్నావని తమ్ముడు ఏడుస్తున్నాడు. వాడు ఆడుకుంటున్నాడు కదా. ఇచ్చేసి, వాడి ఆట అయ్యాక అడుగుదాం’ అనడం మూడోది. మార్టిన్ హాఫ్‌మన్, హెర్బర్ట్ సాల్ట్‌స్టీన్ 1967లో ఈ మూడు పద్ధతులను పోల్చి చూశారు. తల్లులు మూడో పద్ధతిని ఎక్కువగా వాడిన ఇళ్లలోని పిల్లల్లో ఎదుటివారి పట్ల శ్రద్ధ, చేసిన తప్పుకు నొచ్చుకునే గుణం ఎక్కువగా కనిపించాయి.

తేడా పాప దృష్టి ఎటు మళ్లిందన్న దాంట్లో ఉంది. మొదటి మాటకు పాప చూసేది కొట్టబోయే చేతిని. ఆ చేయి లేనప్పుడు బొమ్మ మళ్లీ లాక్కోవచ్చు. రెండో మాటకు చూసేది అమ్మ మొహాన్ని. మనసులో మిగిలేది అమ్మ దూరమవుతుందన్న దిగులు. మూడో మాట ఒక్కటే పాప చూపును తమ్ముడి మొహం మీదికి తిప్పి, తాను చేసిన పనికీ వాడి ఏడుపుకూ ముడి వేస్తుంది. చిన్నతనంలో ఇలాంటి ఘటనలు వేల సార్లు జరుగుతాయి. హాఫ్‌మన్ వివరణ ప్రకారం, కాలం గడిచేకొద్దీ ఎవరు చెప్పారన్నది మరుగున పడుతుంది, చెప్పిన సంగతి మిగులుతుంది. చివరికి అది తన సొంత మాటగానే లోపల వినిపిస్తుంది.

ఈ పద్ధతి వికటించే చోట్లు కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. పొద్దున జరిగినదానికి రాత్రి ఉపన్యాసం ఇస్తే, అప్పటికి తమ్ముడి ఏడుపు కళ్ల ముందు లేదు కాబట్టి ముడి పడదు. గొంతు మరీ పెద్దదైతే భయం కమ్మేసి మాట చెవికెక్కదు. మరీ మెత్తగా, వేరే పని చేసుకుంటూ చెబితే పాప తలెత్తి చూడదు. కాబట్టి గట్టిదనం అవసరమే, భయపెట్టనంత మోతాదులో. ‘నువ్వు చేసింది తప్పు’ బదులు ‘నువ్వే చెడ్డదానివి’ అంటే బిడ్డ తప్పు దిద్దుకోవడం మానేసి, దాచుకోవడం మొదలుపెడుతుంది. చివర్లో దిద్దుకునే పని ఒకటి, బొమ్మ తిరిగి ఇవ్వడం లాంటిది, లేకపోతే నొచ్చుకున్న మనసుకు దారి దొరకదు.

జోన్ గ్రూసెక్, జాక్వెలీన్ గుడ్‌నౌ 1994లో ఇంకో ముఖ్యమైన విభజన చేశారు. విలువ చేరడానికి రెండు మెట్లు దాటాలి. మొదట, పెద్దలు చెప్పేదేమిటో బిడ్డకు సరిగ్గా అర్థం కావాలి. తర్వాత దాన్ని తనదిగా ఒప్పుకోవాలి. మొదటి మెట్టు మాట స్పష్టతను బట్టి, ఎన్నిసార్లు ఒకేలా విన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండోది శిక్ష న్యాయంగా అనిపించిందా, చెప్పినవారితో అనుబంధం ఎలా ఉంది అన్నదాన్ని బట్టి. ‘ఎన్నిసార్లు చెప్పినా వినడు’ అనే ఫిర్యాదు వచ్చినప్పుడు చాలాసార్లు మొదటి మెట్టు దాటి రెండో మెట్టు దగ్గర ఆగినట్టే. అక్కడ మరో వందసార్లు చెప్పడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒకే పెంపకం ఇద్దరు పిల్లల మీద ఒకేలా పనిచేయదు కూడా. గ్రజీనా కొహాన్‌స్కా పరిశోధనల్లో, బెరుకు స్వభావం ఉన్న పసిపిల్లలకు మెత్తని మందలింపు బాగా పనిచేసింది. బెరుకన్నది లేని పిల్లలకు మెత్తదనం, గట్టిదనం రెండూ పెద్దగా పనిచేయలేదు. తల్లితో గట్టి అనుబంధమే వాళ్లలో అంతరాత్మను పెంచింది. పుట్టుకా, పెంపకమా అన్న ప్రశ్నలో ‘లేదా’ అన్న మాట ఎందుకు నిలవదో ఇక్కడ తెలుస్తుంది.

బహుమతుల సంగతి చాలా ఇళ్లలో తారుమారుగా నడుస్తుంది. వార్నెకెన్, టొమాసెల్లో 2008లో 20 నెలల పిల్లలను మూడు గుంపులు చేశారు. సాయం చేసినందుకు ఒక గుంపుకు వస్తువు ఇచ్చారు, ఒక గుంపును మెచ్చుకున్నారు, మూడో గుంపును ఏమీ అనలేదు. ఆ తర్వాత వస్తువు అందుకున్న పిల్లలే మిగతావాళ్ల కంటే తక్కువగా సాయపడ్డారు. ఉన్న గుణానికి వెల కట్టగానే అది బేరమైపోయింది. ఇక చెప్పేది ఒకటి, చేసేది ఒకటి అయినప్పుడు పిల్లలు పెద్దలు చేసేదాన్నే అనుకరిస్తారని 1970ల నాటి దానగుణ ప్రయోగాలు పదేపదే చూపాయి.

సమాజం ఇచ్చే కొలతలు

ఒకరికి కొంత డబ్బు ఇచ్చి, ముక్కూమొహం తెలియని రెండోవారితో పంచుకోమంటారు. ఎంత ఇవ్వాలో మొదటివారి ఇష్టం. రెండోవారు ఒప్పుకుంటే ఇద్దరికీ దక్కుతుంది, కాదంటే ఇద్దరికీ సున్నా. జోసెఫ్ హెన్రిక్ బృందం 15 చిన్న సమాజాల్లో ఈ ఆట ఆడించి 2001లో మొదటి ఫలితాలు ప్రకటించింది. పెరూలోని మచిగెంగా ప్రజలు సగటున 26 శాతం ఇవ్వజూపారు, దాన్ని కాదన్నవాళ్లు అరుదు. ఇండోనేషియాలోని లామలెరా ప్రజలు సగటున 58 శాతం ఇచ్చారు. తేడాకు కారణం వాళ్ల బతుకుతెరువు. మచిగెంగా కుటుంబాలు ఎవరి పని వాళ్లు చేసుకుంటాయి. లామలెరాలో తిమింగలాల వేట. పెద్ద జట్టు కలిసి పడవ ఎక్కితే తప్ప పని జరగదు, వేట మాంసం పంచడానికి పక్కా లెక్కలుంటాయి. సొంత కుటుంబం బయటివాళ్లతో కలిసి పనిచేయాల్సిన అవసరం, మార్కెట్‌తో సంబంధం ఎక్కువగా ఉన్న చోట పంపకం సమానానికి దగ్గరగా వచ్చింది. మనిషి మనిషికీ ఉన్న తేడాలు ఈ అంతరాన్ని వివరించలేకపోయాయి.

పిల్లల్లో ఇది ఎప్పుడు మొదలవుతుందో 2015లో ఏడు దేశాల పిల్లలతో చేసిన అధ్యయనం చూపింది. తనకు తక్కువ వస్తే కాదనడం ఏడు దేశాల పిల్లల్లోనూ ఏదో ఒక వయసులో కనిపించింది. తనకు ఎక్కువ వచ్చినా కాదనడం మాత్రం కెనడా, అమెరికా, ఉగాండాల్లోనే, అదీ పెద్ద పిల్లల్లోనే కనిపించింది. మొదటిది ముడిసరుకు, రెండోది నేర్పిన కొలత అనుకోవచ్చు.

విలువ ఉన్నా నడత మారే చోటు

హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే 1920లలో దాదాపు 11,000 మంది బడిపిల్లలకు తెలియకుండా వాళ్ల నిజాయితీని రకరకాల పరీక్షలతో చూశారు. పరీక్షలో కాపీ కొట్టనివాళ్లు ఆటలో మోసం చేశారు, డబ్బు ముట్టనివాళ్లు అబద్ధం ఆడారు. ఒక చోటి నిజాయితీని బట్టి ఇంకో చోటిది అంచనా వేయడం చాలా కష్టమైంది.

1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ మతబోధన చదివే 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒకరు కుప్పకూలి దగ్గుతూ ఉంటారు. తీరికగా వెళ్తున్నవాళ్లలో 63 శాతం, ఓ మోస్తరు తొందరలో ఉన్నవాళ్లలో 45 శాతం, బాగా ఆలస్యమైందనుకున్నవాళ్లలో 10 శాతం మాత్రమే ఆగారు. సాయం చేయడం గురించే ప్రసంగించబోతున్నారా లేదా అన్నది చెప్పుకోదగ్గ తేడా తేలేదు. ఈ విద్యార్థులకు విలువలు లేవనడం తప్పు. గడియారం వాళ్ల చూపును కింద పడ్డ మనిషి మీద నుంచి తప్పించింది.

చుట్టూ ఉన్నవాళ్ల బలం స్టాన్లీ మిల్‌గ్రామ్ ప్రయోగాల్లో తెలుస్తుంది. ఎదుటివ్యక్తికి కరెంటు షాకులు ఇస్తున్నామని నమ్మిన 40 మందిలో 26 మంది, పర్యవేక్షకుడు చెప్పాడని 450 వోల్టుల దాకా వెళ్లారు. పక్కనే ఉన్న ఇద్దరు తోటివారు ‘మావల్ల కాదు’ అని తప్పుకున్నట్టు ఏర్పాటు చేసినప్పుడు 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారు. సావాసం సామెతలో చెడు వైపే ఎక్కువగా వినిపిస్తుంది; మంచి వైపు కూడా అది అంతే గట్టిగా లాగుతుందని ఈ రెండో అంకె చెబుతోంది.

తీర్పు ముందు, కారణం తర్వాత

తమ విలువలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే చాలామంది ‘ఆలోచించి ఏర్పరచుకున్నా’నంటారు. ఈ జవాబును అంత తేలిగ్గా నమ్మలేం. స్వీడన్ పరిశోధకులు 2012లో 160 మందితో నైతిక విషయాలపై 12 వాక్యాల పత్రం నింపించారు. పత్రం పెట్టిన అట్ట వెనక పూసిన జిగురు వల్ల, పేజీ తిప్పినప్పుడు రెండు వాక్యాల మీది కాగితం ముక్క ఊడిపోయి, కింద ఉన్న వ్యతిరేక వాక్యం బయటపడేది. గుర్తు పెట్టింది అక్కడే ఉంటుంది, వాక్యం అర్థం మాత్రం తిరగబడుతుంది. తర్వాత ఆ అభిప్రాయాలను వివరించమంటే, 69 శాతం మంది మారిన వాక్యాల్లో కనీసం ఒకదాన్ని తమదిగానే ఒప్పుకున్నారు. చాలామంది కాసేపటి కిందటి తమ మాటకు పూర్తి వ్యతిరేకంగా, చక్కని కారణాలతో వాదించారు.

భాష ప్రభావం కూడా ఉంది. దూసుకొస్తున్న బండి కింద పడబోయే ఐదుగురిని కాపాడటానికి, దానికి అడ్డంగా ఒకరిని వంతెన మీది నుంచి తోసేయవచ్చా అని 2014లో అడిగినప్పుడు, సొంత భాషలో చదివినవాళ్లలో 20 శాతం, నేర్చుకున్న భాషలో చదివినవాళ్లలో 33 శాతం తోయవచ్చన్నారు. ‘తప్పు’, ‘పాపం’ అన్న మాటలు బిడ్డ మొదట విన్నది ఏడుపుల, మందలింపుల మధ్య. తర్వాత పుస్తకాల్లో నేర్చిన భాషకు ఆ వేడి ఉండదన్నది ఒక వివరణ.

పెద్దయ్యాక మారేవి

మాను వంగదన్న మాట సగమే నిజం. పెద్దవాళ్లలో మూల విలువ మారడం అరుదు. అది వర్తించే పరిధి మారడం మాత్రం తరచూ జరుగుతుంది. పొగతాగడాన్నే చూడండి. చాలాకాలం అది ఎవరి ఇష్టం వాళ్లది. పొగతాగేవారి పక్కన బతికే వాళ్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని 1981లో జపాన్ అధ్యయనం ఒకటి, 1986లో అమెరికా ప్రజారోగ్య ఉన్నతాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక చెప్పాయి. అక్కడి నుంచి అదే అలవాటు ఇష్టాయిష్టాల లెక్క నుంచి తప్పొప్పుల లెక్కలోకి జరిగింది. పాల్ రోజిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి మార్పులను ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. ‘ఇతరులకు హాని చేయకూడదు’ అన్న విలువను ఆ రోజుల్లో ఎవరూ కొత్తగా నేర్చుకోలేదు. పక్క గదిలో నిద్రపోతున్న మనిషి ఆ లెక్కలోకి కొత్తగా వచ్చి చేరింది, అంతే.